సిమ్ ట్రే లేని ఫోన్ వెనక కొలువులు

అమెరికాలో ఎంఎస్ చదువుతున్న పిల్లలు అక్కడ కొన్న ఐఫోన్‌ను గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మానాన్నలకు పంపుతుంటారు. తీరా సిమ్ వేద్దామని చూస్తే ఫోన్‌కు ట్రేనే ఉండదు. 2022 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 14 శ్రేణి నుంచి అమెరికా మార్కెట్ కోసం చేసే ఫోన్లలో యాపిల్ ఆ చోటును తీసేసింది. సెల్ షాపుకు తీసుకెళ్తే అక్కడి కుర్రాడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించి కాసేపట్లో సిగ్నల్ తెప్పిస్తాడు. అసలేం జరిగిందని అడిగితే ‘సిమ్ సాఫ్ట్‌వేర్ అయిపోయిందండీ’ అంటాడు. బీటెక్ ఫైనలియర్ విద్యార్థిని అడిగినా చాలాసార్లు ఇదే జవాబు వస్తుంది. ఇది తప్పు. ఈ తప్పు ఎక్కడుందో పట్టుకున్నవాళ్లకు ఉద్యోగాలున్న రంగం ఒకటి ఉంది. కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో దాని పేరు పెద్దగా వినిపించదు.

మన జేబుల్లో తిరిగిన ప్లాస్టిక్ సిమ్ ఏనాడూ ఒట్టి కార్డు కాదు. ఆ బంగారు రంగు బిళ్ల కింద ప్రాసెసర్, మెమరీ, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న బుల్లి కంప్యూటర్ ఉంది. 1991లో జర్మనీ కంపెనీ గీసెకె అండ్ డెవ్రియంట్ ఫిన్లాండ్ ఆపరేటర్ రేడియోలింజాకు తొలి సిమ్‌లు అందించినప్పుడు అవి ఏటీఎం కార్డంత ఉండేవి. తగ్గుతూ తగ్గుతూ 12.3 మిల్లీమీటర్ల పొడవు, 8.8 మిల్లీమీటర్ల వెడల్పున్న నానో సిమ్ దాకా వచ్చాయి. ట్రే లేని ఫోన్‌లో ఉండే ఈసిమ్‌లో కూడా ఆ కంప్యూటర్ ఎక్కడికీ పోలేదు. ఫోన్ మదర్‌బోర్డు మీద అతికించి ఉంటుంది, అంతే. మారింది ఒక్కటే. ఇదివరకు ఆపరేటర్ వివరాలను ఫ్యాక్టరీలో చిప్‌లోకి రాసి కార్డు అమ్మేవారు, ఇప్పుడు చిప్ ముందే ఫోన్‌లో ఉంటుంది, వివరాలు ఇంటర్నెట్ ద్వారా దిగుతాయి. చిప్ ఇల్లయితే ఆపరేటర్ ప్రొఫైల్ అందులో అద్దెకు దిగినవాడు. ఒకరు ఖాళీ చేసి వెళ్తే ఇంకొకరు వస్తారు, ఇల్లు అక్కడే ఉంటుంది.

ప్రొఫైల్‌లో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఐఎంఎస్‌ఐ అనే 15 అంకెల గుర్తింపు. రెండోది 128 బిట్ల రహస్య తాళం. ఈ తాళం నకలు ఆపరేటర్ సర్వర్‌లోనూ ఉంటుంది. ఫోన్ ఆన్ చేయగానే నెట్‌వర్క్ ఓ యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. చిప్ ఆ సంఖ్యను తాళంతో కలిపి లెక్కగట్టి జవాబిస్తుంది. నెట్‌వర్క్ తన దగ్గరున్న నకలుతో అదే లెక్క చేసి సరిచూస్తుంది. తాళం మాత్రం చిప్ దాటి బయటకు రాదు. ప్లాస్టిక్ సిమ్ అయినా ఈసిమ్ అయినా ఈ తంతులో తేడా లేదు. మరి మన పదంకెల మొబైల్ నంబరు? అది సిమ్‌లో ఉండి తీరాలనే నియమమేమీ లేదు. ఏ ఐఎంఎస్‌ఐకి ఏ నంబరో ఆపరేటర్ డేటాబేస్ చూసుకుంటుంది. నంబరు మార్చకుండా సిమ్ మార్చుకోగలుగుతున్నది అందుకే.

ఇక అసలు చిక్కుముడి. అంత రహస్యమైన తాళాన్ని అందరూ వాడే ఇంటర్నెట్ మీదుగా పంపడం ఎలా? ఈ ప్రశ్నకు ప్రపంచ మొబైల్ ఆపరేటర్ల సంఘం జీఎస్ఎంఏ ఇచ్చిన జవాబే ఎస్‌జీపీ.22 అనే స్పెసిఫికేషన్. మామూలు ఫోన్లు, వాచీల ఈసిమ్‌లు దాని ప్రకారమే నడుస్తాయి.

క్యూఆర్ కోడ్‌లో సిమ్ ఉండదు. అందులో ఉండేది ఓ సర్వర్ చిరునామా, ఓ కోడ్, అంతే. ఆ సర్వర్ పేరు ఎస్ఎం-డీపీ ప్లస్. ప్రొఫైల్‌ను తయారుగా ఉంచి, అడిగిన చిప్‌కు అందించేది అదే. ఫోన్‌లో ఎల్‌పీఏ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అది సర్వర్‌కు, చిప్‌కు మధ్య రాకపోకలు నడుపుతుంది. ముందుగా చిప్ ఓ యాదృచ్ఛిక సంఖ్య ఇచ్చి ‘దీని మీద సంతకం చేసి చూపించు’ అంటుంది. సర్వర్ డిజిటల్ సంతకం చేస్తుంది. ఆ సంతకం వెనకున్న సర్టిఫికెట్ తనకు తయారీలోనే ఇచ్చిన మూల సర్టిఫికెట్ దాకా వెళ్తుందా లేదా అని చిప్ సరిచూస్తుంది. తర్వాత సర్వర్ వంతు. చిప్ కూడా సంతకం చేయాలి, తనను తయారుచేసిన కంపెనీ సర్టిఫికెట్ చూపించాలి. ఇద్దరికీ నమ్మకం కుదిరాక ఆ ఒక్క డౌన్‌లోడ్‌కే పనికొచ్చే తాళాలను ఎలిప్టిక్ కర్వ్ గణితంతో పుట్టించుకుంటారు. ప్రొఫైల్ వాటితో మూతపడి, ముక్కలుముక్కలుగా ఎల్‌పీఏ చేతుల మీదుగా చిప్‌లోకి దిగుతుంది. మోసేది ఎల్‌పీఏనే అయినా లోపలేముందో దానికి తెలియదు. మీ ఫోన్‌లో వైరస్ ఉన్నా దానికీ తెలియదు. ఈ రంగంలో ఇంటర్వ్యూకు వెళ్తే ‘ఎల్‌పీఏ ప్రొఫైల్‌ను ఎందుకు చదవలేదు’ అన్న ప్రశ్నకు సిద్ధపడి వెళ్లండి. దీనికి రెండు నిమిషాలు తడబడకుండా చెప్పగలిగితే మిగతా ఇంటర్వ్యూ తేలికపడుతుంది.

ఫోన్ల కథ ఇది. నా అంచనాలో ఉద్యోగాలు ఎక్కువగా పెరిగేది ఫోన్లలో కాదు, మనుషులు ముట్టుకోని యంత్రాల్లో. బస్సులు, ట్యాక్సీల్లో పెట్టే ట్రాకింగ్ పరికరాలకు ఏఐఎస్-140 ప్రమాణం ఉంది, 2019 జనవరి నుంచి కొత్త ప్రజారవాణా వాహనాలకు వర్తిస్తోంది. అందులో సిమ్ పరికరంలోనే పొదిగి ఉండాలి. కేంద్రం 2021లో మొదలుపెట్టిన విద్యుత్ పంపిణీ పథకంలో 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లు లక్ష్యం, వాటిలో చాలావరకు మొబైల్ నెట్‌వర్క్ మీదే రీడింగ్ పంపుతాయి. ఓ డిస్కమ్ ఆపరేటర్‌ను మార్చాలనుకుంటే లైన్‌మన్ ఇంటింటికీ వెళ్లి సిమ్‌లు మారుస్తాడా? కుదరదు. ఆఫీసులో కూర్చుని లక్షల మీటర్ల ప్రొఫైల్ మార్చగలగాలి. మీటర్‌కు తెర లేదు, క్యూఆర్ చూపించే మనిషి లేడు. ఈ అవసరానికి జీఎస్ఎంఏ 2023లో ఎస్‌జీపీ.32 విడుదల చేసింది. ఇంత కొత్త ప్రమాణంలో పదేళ్ల అనుభవం ఎవరికీ ఉండదు. ఫ్రెషర్‌కు, సీనియర్‌కు దూరం ఇంత తక్కువగా ఉండే చోట్లు ఎక్కువ దొరకవు.

ఎవరు ఉద్యోగాలిస్తారు? చిప్‌లు, సర్వర్లు చేసే థేల్స్, ఐడెమియా, గీసెకె ప్లస్ డెవ్రియంట్ లాంటి కంపెనీల భారత కార్యాలయాలు ఎక్కువగా నోయిడా, గురుగ్రామ్, పుణె వైపు ఉన్నాయి. మోడెమ్ వైపు పనికి హైదరాబాద్ మంచి ఊరు, క్వాల్‌కామ్‌కు ఇక్కడ పెద్ద కేంద్రముంది. ఎన్‌బీ-ఐఓటీ చిప్ రూపొందించిన వైసిగ్ నెట్‌వర్క్స్ ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన స్టార్టప్. జియో, ఎయిర్‌టెల్, వీఐలలో ప్రొవిజనింగ్ బృందాలుంటాయి. ఎస్ఎం-డీపీ ప్లస్‌ను బిల్లింగ్‌తో, కేవైసీతో కలిపి నడిపేది వీళ్లే. ఈ పనికి ఎలక్ట్రానిక్స్ కన్నా జావా, ఏపీఐలు, డేటాబేస్ ఎక్కువ అక్కరకొస్తాయి. ఫోన్ తయారీ కంపెనీల్లో ఆండ్రాయిడ్ టెలిఫోనీ పనులున్నాయి, ఈసిమ్ కోసం గూగుల్ ఆండ్రాయిడ్ 9లోనే ప్రత్యేక ఏపీఐ ఇచ్చింది. టెస్టింగ్ వేరే లోకం. ప్రతి ఫోనూ, ప్రతి చిప్పూ ఎస్‌జీపీ.23 అనే పరీక్షల పత్రానికి నిలబడాలి. చాలామంది టెస్టింగ్ అంటే చిన్నచూపు చూస్తారు గానీ, ఈ రంగంలో ప్రవేశానికి అంతకన్నా మంచి గుమ్మం లేదు. ఏడాదిపాటు ఫెయిలైన కేసులు విప్పి చూసినవాడికి ప్రోటోకాల్ మొత్తం అరచేతిలో ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగమే కావాలనుకునే ఈసీఈవాళ్లు యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్‌లో ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికమ్యూనికేషన్ విభాగం, ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచండి.

భద్రత గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. 2025లో పోలండ్‌కు చెందిన సెక్యూరిటీ ఎక్స్‌ప్లోరేషన్స్ అనే పరిశోధన సంస్థ కిజెన్ కంపెనీ ఈసిమ్ చిప్‌లోకి చొరబడగలిగినట్టు బయటపెట్టింది. దారి దొరికింది ఎక్కడో కాదు, పరికరాల పరీక్ష కోసం జీఎస్ఎంఏ ఇచ్చిన టెస్ట్ ప్రొఫైల్‌లో. అందరికీ తెలిసిన తాళాలతో ఉన్న ఆ ప్రొఫైల్ ద్వారా, చిప్‌లో చిన్న ప్రోగ్రాములను (ఆప్లెట్లను) నడిపే జావా కార్డ్‌లోని లోపాన్ని వాడుకుని దొంగ ఆప్లెట్‌ను లోపలికి దించారు. పరికరం చేతికి దొరికితేనే మొదలుపెట్టగల దాడి అని కిజెన్ చెప్పింది. ఆ పరిశోధకులకు కిజెన్ 30 వేల డాలర్ల బహుమతి ఇచ్చింది, టెస్ట్ ప్రొఫైల్ ప్రమాణాన్ని జీఎస్ఎంఏ సవరించింది. సెక్యూరిటీ ఎక్స్‌ప్లోరేషన్స్ జావా కార్డ్ లోపాలను 2019లోనే చెప్పింది, అప్పట్లో వాటిని పెద్దగా పట్టించుకోలేదు. సైబర్ సెక్యూరిటీ అనగానే వెబ్‌సైట్ల మీద పడే విద్యార్థులకు నా సలహా ఒకటే. అక్కడ ఇసుకేస్తే రాలనంత జనం ఉన్నారు. జావా కార్డ్, స్మార్ట్‌కార్డ్ భద్రత తెలిసినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

మామూలు మోసాల వైపూ పనుంది. కస్టమర్ కేర్ నుంచి అంటూ ఫోన్ చేసి, ఈసిమ్‌కు మార్చే సందేశానికి ‘అవును’ అనిపిస్తారు. చేతిలోని సిమ్ చచ్చిపోతుంది, బ్యాంకు ఓటీపీలు మోసగాళ్ల ఫోన్‌కు వెళ్తాయి. గణితం ఎంత గట్టిదైనా మనిషిని మాటల్లో పెడితే సరిపోతుందని వాళ్లకు తెలుసు. సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా నంబరు పోర్ట్ చేయకూడదని ట్రాయ్ 2024 జులై 1 నుంచి నిబంధన పెట్టింది ఇలాంటి వాటిని అడ్డుకోడానికే. అనుమానాస్పద మార్పిడిని ముందే పట్టే పనికి ఆపరేటర్లకు, బ్యాంకులకు డేటా అనలిస్టులు కావాలి. బీఎస్సీ, బీకాం కంప్యూటర్స్ చేసినవాళ్లూ ఎస్‌క్యూఎల్ మీద పట్టుతో ఇందులోకి రావచ్చు.

నేర్చుకోవడం ఎలా? ‘నెల రోజుల్లో ఈసిమ్ ఎక్స్‌పర్ట్’ అని అమీర్‌పేట గోడల మీద బోర్డు కనబడితే దాటి వెళ్లిపోండి. కావలసినవన్నీ ఉచితమే. ఓపెన్5జీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ల్యాప్‌టాప్‌లోనే 5జీ కోర్ నెట్‌వర్క్ పెట్టుకోవచ్చు, యూఈఆర్‌ఏఎన్‌సిమ్‌తో ఫోన్‌ను, టవర్‌ను అనుకరించవచ్చు. ఫోన్ వైపు ఫైల్‌లో రహస్య తాళంలో ఒక్క అంకె మార్చి కనెక్ట్ చేసి చూడండి. ఈసారి తిరస్కరించేది నెట్‌వర్క్ కాదు, ఫోన్. యాదృచ్ఛిక సంఖ్యతోపాటు నెట్‌వర్క్ తనను నిరూపించుకోడానికి పంపే గుర్తు సరిపోలేదని అదే తేలుస్తుంది. అలా ఎందుకైందో వైర్‌షార్క్‌లో సందేశాలు చూసి మీ మాటల్లో ఓ పేజీ రాసుకోండి. అటెండెన్స్ ప్రాజెక్టు కన్నా ఆ పేజీ రెజ్యూమెలో బరువుగా ఉంటుంది. తర్వాత స్మార్ట్‌కార్డ్ రీడర్ కొని, ఆస్మోకామ్ వాళ్ల పైసిమ్‌తో పాత సిమ్‌లోని ఫైళ్లు చదవండి. ఓపెన్‌సోర్స్ ఎల్‌పీఏ కావాలంటే ఎల్‌ప్యాక్ ఉంది, దాని సీ కోడ్ చదవడమే ఓ పాఠం. ఒక హెచ్చరిక. రేడియో పరికరం తగిలించి సొంతంగా టవర్ సిగ్నల్ ప్రసారం చేయకండి, లైసెన్స్ లేకుండా అది నేరం. అనుకరణతో నేర్చుకునేదే బోలెడుంది.

సబ్జెక్టుల సంగతికొస్తే, పబ్లిక్ కీ క్రిప్టోగ్రఫీ, సర్టిఫికెట్లు, సీ లేదా జావా, కొంచెం పైథాన్, 4జీ-5జీ సిగ్నలింగ్ కావాలి. ఈసీఈ పిల్లలకు క్రిప్టోగ్రఫీ భయం, సీఎస్ఈ పిల్లలకు సిగ్నలింగ్ అంటే పరాయి ఊరు. రెండు విభాగాల మధ్య ఎవరిదీ కాని ఈ పొలంగట్టు మీద నిలబడగలిగినవాళ్లకే గిరాకీ. పాలిటెక్నిక్ డిప్లొమా వాళ్లు ట్రాకింగ్ పరికరాలు, స్మార్ట్ మీటర్ల అమరిక, ఫీల్డ్ సపోర్టుతో మొదలుపెట్టి పైకి రావచ్చు.

అన్నిటికన్నా కొరవడేది ఇంకోటుంది. స్పెసిఫికేషన్ చదివే ఓపిక. ఎస్‌జీపీ.22 వందల పేజీలు. యూట్యూబ్ వీడియో చూసినవాళ్లు చాలామంది, ఆ పత్రం తెరిచినవాళ్లు కొద్దిమంది. ఇంటర్వ్యూ చేసేవాడికి ఈ తేడా మూడో ప్రశ్నలోనే తెలిసిపోతుంది. ‘ప్రొఫైల్ చిప్‌లోకి దిగింది గానీ ఆ సంగతి సర్వర్‌కు చేరకముందే నెట్‌వర్క్ పోయింది, ఇప్పుడేమవుతుంది?’ అని అడుగుతారు. జవాబు ఏ వీడియోలోనూ ఉండదు, పత్రంలో ఉంటుంది.

ఆ పత్రం జీఎస్ఎంఏ వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. దించుకోండి. మొదటి పేజీ నుంచి కాకుండా ప్రొఫైల్ డౌన్‌లోడ్ విధానం ఉన్న అధ్యాయంతో మొదలుపెట్టండి. పక్కన ఓ తెల్లకాగితం పెట్టుకుని, చిప్‌కు సర్వర్‌కు మధ్య నడిచే సందేశాలను వరుసగా బాణాలతో గీయండి. చూడకుండా ఆ బొమ్మ గీయగలిగిన రోజున దరఖాస్తు పెట్టండి.