ఒంటిమిట్ట పరిస్థితులలో అలంకార చేపల తొట్టికి అనువైన నీటి ఉష్ణోగ్రత

చేపలు శీతల రక్త జీవులు. వాటి దేహ ఉష్ణోగ్రత నీటి ఉష్ణోగ్రతను అనుసరించి మారును. కనుక పలు జాతులను ఒకే తొట్టిలో పెంచదలచినవారు ముందుగా తాము నిలుపగల ఉష్ణోగ్రతను నిర్ణయించుకొని, దానికి సరిపడు జాతులను ఎంచుకొనవలెను. ఈ విషయమై లభించు సూచనలలో అధిక భాగం శీతల దేశాలకు చెందినవి. అవి నీటిని వేడి చేయు విధానమునే వివరించును. వేసవిలో గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటు ఒంటిమిట్టలో ప్రధాన సమస్య నీటిని చల్లబరచుట.

జాతుల ఎంపిక: గప్పీకి 22–28, మోలీకి 24–28, డ్వార్ఫ్ గౌరామికి 24–28, నియాన్ టెట్రాకు 20–26, గోల్డ్ ఫిష్‌కు 18–23 డిగ్రీలు అనుకూలం. కనిష్ఠ హద్దులలో పెద్దదానిని, గరిష్ఠ హద్దులలో చిన్నదానిని తీసుకొనిన ఉమ్మడి పరిధి లభించును. మొదటి మూడు జాతులకు అది 24–28 డిగ్రీలు. నియాన్ టెట్రా చేరిన 24–26కు కుదించుకుపోవును. గోల్డ్ ఫిష్‌కు వీటితో పొత్తు కుదరదు. ఈ ప్రాంతమునకు మొదటి మూడు జాతుల కూర్పు మేలు.

అధిక వేడిమి ప్రభావం: 25 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగగలదు. 35 డిగ్రీల వద్ద 6.9 మాత్రమే. అదే సమయమున చేప శ్వాసక్రియ వేగం పెరిగి ప్రాణవాయువు అవసరం హెచ్చును. ఉదజని సూచిక 8 గల నీటిలో విషపూరితమైన, అయానీకరణం చెందని అమ్మోనియా వాటా 25 డిగ్రీల వద్ద సుమారు 5.4 శాతం, 30 డిగ్రీల వద్ద 7.5 శాతం. కనుక వేసవిలో మేత తగ్గించి, ఎయిర్ పంపును రాత్రింబవళ్లు నడపవలెను.

చల్లబరచు విధానం: పొడిగాలిలో కుండనీరు చల్లబడు సూత్రమే ఇచటను వర్తించును. నీటి ఉపరితలముపై చిన్న ఫ్యాను గాలి తగులునట్లు అమర్చవలెను. లీటరు నీరు ఆవిరగుటకు సుమారు 580 కిలో కేలరీల ఉష్ణం అవసరం. 100 లీటర్ల తొట్టిలో లీటరు ఆవిరైన, లెక్క ప్రకారం 5.8 డిగ్రీలు తగ్గవలెను. గది వేడి తిరిగి చేరుటచే తగ్గుదల అందులో సగమునకు మించకపోవచ్చును. మంచుగడ్డలను నేరుగా వేయరాదు. ఉష్ణోగ్రత గంటకు 1 డిగ్రీకి మించి మారరాదు.

అయితే ఆవిరగునది నీరే, లవణములు కావు. మురుగు సౌకర్యం లేని పొలమున చౌడు తేలు రీతిగనే, తరిగిన నీటికి బదులు బోరునీరు పోయుచున్న తొట్టిలో లవణములు పేరుకొనును. తరుగును వాననీటితో గాని, ఆర్.ఓ. నీటితో గాని పూరించి, వారమునకొకసారి నాల్గవ వంతు నీటిని మార్చవలెను.

సిఫారసు: శీతకాలపు రాత్రులలో థర్మోస్టాట్ గల హీటరుతో 25 డిగ్రీలు, వేసవిలో 28 డిగ్రీలకు మించకుండుట లక్ష్యముగా ఉంచుకొనవలెను. విస్తరణ సిబ్బంది చేపలు కొనుటకు పూర్వమే, నీరు నింపిన తొట్టిలో ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 3 గంటలకు వారం రోజులు ఉష్ణోగ్రత నమోదు చేయించవలెను. ఫ్యాను నడిచినను మధ్యాహ్నపు కొలత 28 దాటుచున్నచో, తొట్టిని చల్లని గదికి మార్చిన పిదపనే చేపలను విడువవలెను.