దేవుడు మంచివాడైతే ఈ బాధలెందుకు? క్రైస్తవ తత్త్వవేత్తల సమాధానాలు



వీడియోలో టైం సరిపోక పైపైన చెప్పిన విషయాన్ని ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం. ప్రశ్న చాలా పాతది. దేవుడు సర్వశక్తిమంతుడు, పైగా సంపూర్ణంగా మంచివాడు అంటారు కదా, మరి లోకంలో ఇంత చెడు, ఇంత బాధ ఎందుకున్నాయి? ఇంగ్లీషులో దీన్ని ప్రాబ్లమ్ ఆఫ్ ఈవిల్ అంటారు.

మనలో కొందరు క్రైస్తవ స్నేహితులతో వాదన వస్తే ఈ ప్రశ్నని రాయిలా విసిరేస్తారు, వాళ్ళు దీని గురించి ఎప్పుడూ ఆలోచించనట్టు. నిజానికి వాళ్ళు 1600 ఏళ్ళకు పైగా దీంతో కుస్తీ పడుతున్నారు. అవి చదువుతుంటే నాకు ఒకటి స్పష్టంగా కనిపించింది. ఇందులో ఉన్నది ఒక ప్రశ్న కాదు, మూడు.

1. బాధకి తగిన కారణం ఏదో ఉండే అవకాశం ఉందా?
2. ఆ కారణం ఏమిటో మనకి తెలుసా?
3. బాధలో ఉన్న మనిషికి ఆ కారణం చెప్పాలా?

ఈ మూడింటినీ కలిపేస్తేనే చిక్కు. ఒక్కొక్కటీ చూద్దాం.

అగస్టీన్: చెడు ఒక వస్తువు కాదు

క్రైస్తవంలో ఒక్కడే దేవుడు, అన్నిటినీ శూన్యం నుంచి సృష్టించాడు. అలాంటప్పుడు చెడుని కూడా ఆయనే చేశాడా? ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోకి బిషప్‌గా ఉన్న అగస్టీన్ (354–430) దీని మీద చాలా నలిగాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన మానికేయ మతంలో తిరిగాడు. మంచి, చెడు రెండు వేర్వేరు శక్తులు, వాటి మధ్య యుద్ధమే ఈ లోకం అని వాళ్ళ మాట. తర్వాత దాన్ని వదిలేసి, చెడు అనేది విడిగా ఉన్న వస్తువు కాదు, ఉండాల్సిన మంచి లేకపోవడమే అన్నాడు.

బట్టకి పడిన చిరుగు అనుకోండి. చిరుగుని ఎవరూ నేయలేదు. బట్ట ఉంటేనే చిరుగు ఉంటుంది. మరి ఆ చిరుగు ఎలా పడింది? స్వేచ్ఛ ఉన్న జీవులు మంచి నుంచి పక్కకి తిరగడం వల్ల, అని అగస్టీన్ సమాధానం. బాగానే ఉంది, కానీ పంటి నొప్పితో ఉన్నవాడికి అది ‘లేకపోవడం’లా అనిపించదు కదా! దేవుడు చెడుని సృష్టించలేదు అని చెప్పడానికి ఈ వాదం పనికొస్తుంది. ఎందుకు ఆపలేదు అన్నది అలాగే మిగులుతుంది.

లిస్బన్: లెక్క తప్పిన రోజు

1710లో జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ ఒక పుస్తకం రాశాడు. దాని పేరు ‘థియోడిసీ’, అంటే దేవుడి న్యాయాన్ని సమర్థించడం. ఆ మాట ఆయన పుట్టించిందే. దేవుడు సాధ్యమైన లోకాలన్నిటిలోకి మేలైనదాన్నే ఎంచుకుని ఉంటాడు, కాబట్టి మనం ఉన్నది దాంట్లోనే, అని ఆయన వాదన.

1755 నవంబర్ 1న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో సకల పునీతుల పండుగ. పొద్దున్నే జనం చర్చిల్లో ఉన్నారు. భూకంపం వచ్చింది. ప్రార్థన చేస్తున్నవాళ్ళ మీదే కప్పులు కూలాయి. తర్వాత సముద్రం పొంగింది, ఆపైన రోజుల తరబడి మంటలు. పదుల వేల మంది పోయారు. ఇదేనా మేలైన లోకం అని వోల్టేర్ మొదట ఒక కవితలో నిలదీశాడు, 1759లో ‘కాండీడ్’ అనే నవలతో ఎగతాళి చేశాడు. 1756లో రూసో ఆయనకి ఉత్తరం రాస్తూ, ఆరేడు అంతస్తుల ఇళ్ళు అంత ఇరుగ్గా కట్టుకున్నది ప్రకృతి కాదు, మనుషులేనని గుర్తుచేశాడు. కొంత నిజమే. కానీ భూమి కదలడానికి ఏ మనిషి స్వేచ్ఛా కారణం కాదు. మనుషులు చేసే చెడుకి పనికొచ్చే సమాధానం ప్రకృతి తెచ్చే బాధకి అంత తేలిగ్గా అతకదు.

ప్లాంటింగా: డిఫెన్స్ లాయర్ పని

1955లో ఆస్ట్రేలియా తత్త్వవేత్త జె.ఎల్. మాకీ ప్రశ్నని ఇంకా బిగించాడు. సర్వశక్తిమంతుడు, మంచివాడు అయిన దేవుడు, చెడు, ఈ రెండూ కలిసి ఉండటమే తర్కానికి విరుద్ధం అన్నాడు. స్వేచ్ఛగానే ఎప్పుడూ మంచినే ఎంచుకునే మనుషుల్ని దేవుడు ఎందుకు చేయలేదు అని అడిగాడు.

1974లో అమెరికన్ తత్త్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా జవాబిచ్చాడు. ఎవరు ఏది ఎంచుకుంటారో దేవుడే నిర్ణయించేస్తే అది స్వేచ్ఛ కాదు. స్వేచ్ఛ ఇచ్చాక వాళ్ళు ఏం చేస్తారన్నది వాళ్ళ మీద కూడా ఆధారపడుతుంది. అందుకని చెడు అసలే లేని, స్వేచ్ఛ ఉన్న లోకాన్ని తయారుచేయడం దేవుడి ఒక్కడి చేతిలో లేకపోవచ్చు.

ఇక్కడ ఆ ‘పోవచ్చు’ ముఖ్యం. ఇది థియోడిసీ కాదు, డిఫెన్స్ మాత్రమే అని ప్లాంటింగా స్వయంగా చెప్పాడు. కోర్టులో డిఫెన్స్ లాయర్ అసలు దొంగని పట్టుకోనక్కర్లేదు. తన క్లయింటు నిర్దోషి అయ్యే అవకాశం ఉందని చూపిస్తే చాలు. అంటే మొదటి ప్రశ్నకే జవాబు. రెండోదాని జోలికి ఆయన పోలేదు.

విలియం రో: అడవిలో జింకపిల్ల

ఆ రెండో ప్రశ్న దగ్గరే 1979లో విలియం రో నిలబడ్డాడు. సరే, తర్కవిరుద్ధం కాదు, ఒప్పుకుంటాను అన్నాడు. కానీ దూరంగా ఒక అడవిలో పిడుగు పడి మంటలు లేచాయనుకోండి. ఒక జింకపిల్ల కాలి, కొన్ని రోజులు విలవిల్లాడి చచ్చిపోయింది. చూసినవాళ్ళు లేరు, నేర్చుకున్నవాళ్ళు లేరు. దీనివల్ల ఎవరికి ఏ మేలు? ఇలాంటివి ఇన్ని ఉంటే దేవుడు లేడనుకోవడమే సబబు కదా, అని ఆయన వాదన.

దీనికి 1984లో స్టీఫెన్ విక్‌స్ట్రా ఇచ్చిన జవాబు ఏంటంటే, మనకి కారణం కనిపించకపోవడం, కారణం లేకపోవడం ఒకటి కాదు. కుక్కపిల్లకి డాక్టర్ ఇంజెక్షన్ ఎందుకు పొడుస్తున్నాడో తెలుస్తుందా? తెలియదు. కానీ నాకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ఇంజెక్షన్ చేయించేటప్పుడు మనం కుక్కపిల్లని ఒళ్ళో పెట్టుకుని నిమురుతాం. నిజంగా బాధలో ఉన్న చాలామందికి ఆ నిమిరే చెయ్యి కూడా తెలియడం లేదే!

యూర్గెన్ మోల్ట్‌మాన్ 1972లో రాసిన ‘సిలువ వేయబడిన దేవుడు’ అనే పుస్తకం ఈ చోటు నుంచే మాట్లాడుతుంది. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీగా ఉన్నవాడు. దేవుడు పైనుంచి కారణాలు చెప్పేవాడు కాదు, సిలువ మీద ఆ బాధలోకే దిగినవాడు అంటాడు. ఇది ‘ఎందుకు’ అన్నదానికి జవాబు కాదు. బాధపడేవాడు ఒంటరి కాడన్న నమ్మకం.

మూడో ప్రశ్న మన ఇంట్లోది

బైబిల్లో యోబు కథ ఉంది. పిల్లలు, ఆస్తి, ఆరోగ్యం అన్నీ పోయాయి. స్నేహితులు వచ్చి ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. తర్వాత నోరు విప్పి, నువ్వేదో పాపం చేసే ఉంటావు అన్నారు. చివర్లో దేవుడు మందలించింది తనని నిలదీసిన యోబుతో పాటు తనని సమర్థించిన ఈ స్నేహితుల్ని కూడా. తన గురించి సరిగ్గా మాట్లాడినవాడు మాత్రం యోబే అన్నాడు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసి, ఇతను పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడుగుతారు. ఇద్దరూ కాదంటాడు యేసు.

ఇక్కడ మనం కాస్త ఆగాలి. ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ ఉన్నాయా అన్న ప్రశ్న మన బ్రహ్మసూత్రాల్లోనూ (2.1.34) ఉంది. జీవుల కర్మని బట్టే ఫలం, కాబట్టి ఆ దోషం ఆయనకి అంటదని సమాధానం. శాస్త్రంలో దాని స్థానం దానిది. కానీ బిడ్డని పోగొట్టుకున్న ఇంటికి పరామర్శకి వెళ్ళి, ‘ఏ జన్మలో ఏం పాపం చేశారో’ అంటే? అది శాస్త్రం చెప్పడం కాదు, పుండు మీద కారం చల్లడం. ఆ తల్లి చేసిన ఏ కర్మ అదో మనకెవరికీ తెలియదు కూడా.

అందుకే నేను పట్టుకున్నది ఇది. కారణం ఉండొచ్చు అని నమ్మడం విశ్వాసం. కారణం నాకు తెలుసు అనడం అతి. దాన్ని ఏడుస్తున్నవాళ్ళ ముందు చెప్పడం క్రూరత్వం. ఏ మతం వాళ్ళమైనా ఇది పనికొస్తుంది.

ఈసారి క్రైస్తవ స్నేహితుడితో ఈ మాట వస్తే గెలవడానికి కాకుండా, ‘నువ్వు దీన్ని ఎలా చూస్తావురా?’ అని అడిగి చూడండి. ఎవరైనా కష్టంలో ఉన్నారని తెలిస్తే యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు చేసిన పని చేయండి. వెళ్ళి పక్కన కూర్చోండి, అన్నం తిన్నారో లేదో చూడండి.

వచ్చే పాఠంలో మళ్ళీ కలుద్దాం. శుభం!