రిపోర్టు మంచిగొచ్చినా గోలీ మానకు చెల్లె

"రిపోర్టుల వైరస్ కనిపిస్తలేదన్నరు. ఇంకా గోలీలెందుకక్కా?" మానుకోట దిక్కు మిరపకాయ ఏరే రోజులొస్తే ఈ మాట ఎక్కువినిపిస్తది. కూలి పోగొట్టుకొని దవాఖానకు తిరగాలంటే తిప్పలే, నాకెరుకే. అయినా ఈ ముచ్చట పూర్తిగ విను.

హెచ్‌ఐవీ ఒంట్లకు జొరబడంగనే, మెత్తటి పొరల్ల కావలి తిరిగే రక్షణ కణాలు దాన్ని పట్టుకుంటయ్. పట్టుకొని గజ్జల్ల, చంకల్ల ఉండే లింఫ్ గ్రంథులకు మోసుకపోతయ్. ఏ క్రిమి దొరికినా అక్కడ చూపించుడు వాటి పని. ఈ వైరస్‌కు కావాల్సింది గూడ అదే. అది బతికేది సీడీ4 అనే రక్షణ కణాలల్ల. అవి గుంపుగ ఉండేది ఆ గ్రంథులల్లనే. ఒక కణం పక్కదాన్ని తాకితే చాలు, రక్తంలకు రాకుండనే ఇందులకెళ్లి అందులకు దాటుతది.

అసలు గోస దీని తర్వాత. పాత రోగాలను యాదుంచుకొని ఏండ్లకేండ్లు బతికే సీడీ4 కణాలు కొన్ని ఉంటయ్. వైరస్ తన జన్యువును వాటి జన్యువులల్లనే కలిపేసి ఊకుంటది. దొంగ పోలీసు బట్టలేసుకొని ఠాణాలనే పండినట్టు! మన గోలీ వైరస్‌ను పెరగనియ్యదు గని, ఆ నిద్రపోయే కణాన్ని ఏం జెయ్యదు. రక్తపరీక్షకూ అది చిక్కదు. గోలీ ఆపినంక అసొంటి కణాలు కొన్ని లేస్తే, చానామందికి కొన్ని వారాలల్లనే వైరస్ మళ్ల పెరుగుతది.

మూలుగ మార్పిడితో పూర్తిగ నయమైనోళ్లు లోకం మొత్తంల వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. ఆకుపసరుతో నయం చేస్తమనేటోని మాట అసలే నమ్మకు.

ఈ గోలీలనే ఏఆర్‌టీ మందులంటరు; సర్కారు వీటిని ఉచితంగ ఇచ్చుడు 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పుడు ఎయిడ్స్ ఎక్కువున్న ఆరు రాష్ట్రాలల్ల మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పట్ల సీడీ4 కణాలు బాగ పడిపోయినోళ్లకే ఇచ్చేది. 2017 నుంచి పరీక్షల తేలిన ప్రతి ఒక్కరికి ఇస్తున్నరు. రోజూ వేసుకుంట, వైరస్ కనిపించకుండ ఉంటే, కాపురం ద్వారా పెనిమిటికి అంటదు. కడుపుల బిడ్డకు అంటే ప్రమాదమూ చానా తగ్గుతది.

పనికి వేరే ఊరు పోతున్నవా? వరంగల్ ఎంజీఎంల గానీ, నువ్వు మందులు తెచ్చుకునే ఇంకో సెంటర్ల గానీ ముందే చెప్పు, ఆ ఊరి దగ్గరి సెంటర్‌కు మార్చి రాస్తరు. నీ సంగతి నిన్నడగకుండ బయటపెట్టొద్దని 2017 హెచ్‌ఐవీ చట్టమే ఉన్నది. అనుమానమొస్తే 1097కు ఫోన్ చెయ్యి, పైసలు పడవు.