కనబడవచ్చు, వినబడరాదు

మంగళగిరి పేరు వినగానే పానకాలస్వామి కొండ, చేనేత చీరలు మనసులో మెదలుతాయి. రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం కూడ నేడు ఈ ఊళ్లోనే ఉన్నది. నిర్బంధంలోని మనిషికి చట్టం కల్పించిన రక్షణను గూర్చి ఆలోచించడానికి ఇది తగిన తావే.

అరెస్టయిన వ్యక్తికి తాను కోరుకొన్న న్యాయవాదిని సంప్రదించే హక్కును నిరాకరించరాదని రాజ్యాంగం 22వ అధికరణం ఆదేశించింది. ప్రయాణ సమయం మినహా 24 గంటలలోగా అతనిని మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలన్నదీ ఆ అధికరణమే. పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ ఆత్మకథకు పేరు ‘24 గంటలు’. అయితే ముందస్తు నిర్బంధ చట్టాల కింద పట్టుబడినవారికి ఈ రక్షణలు వర్తించవని అదే అధికరణం చెప్పడం వెలితి అనక తప్పదు.

1977లో ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి నందినీ శత్పథిని కటక్‌లోని విజిలెన్సు ఠాణాకు పిలిపించి, వ్రాతపూర్వకమైన ప్రశ్నలకు సమాధానాలు చెప్పమన్నారు. ఆమె నిరాకరించారు. సమాధానం చెప్పనందుకే ఆమెపై కేసు పెట్టారు. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనక్కరలేదన్న రక్షణ న్యాయస్థానపు బోనులోనే కాక పోలీసు విచారణ నాడే మొదలవుతుందని 1978లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. నిందితురాలు న్యాయవాది తోడు కోరితే కాదనరాదన్నారు. ప్రస్తుత చట్టం ఇంత దూరం రాలేదు. విచారణ సమయంలో న్యాయవాదిని కలుసుకోవచ్చును గాని, విచారణ పొడుగునా కాదు అన్నది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 38వ సెక్షను.

న్యాయవాదిని కలుసుకొన్నంత మాత్రాన సరిపోదు. పక్కనే జవాను చెవియొగ్గి ఉంటే ఏ కక్షిదారు మనసు విప్పుతాడు? అందుకే నిర్బంధితుల రక్షణకై ఐక్యరాజ్య సమితి 1988లో ఆమోదించిన సూత్రాలు చక్కని గీత గీశాయి: ఆ సమావేశం అధికారి కంటికి కనబడవచ్చు, చెవికి వినబడరాదు. కక్షిదారు చెప్పిన మాటను అతని అనుమతి లేక న్యాయవాది వెల్లడించరాదని 1872 నాటి సాక్ష్య చట్టం శాసించింది. వృత్తి సంబంధం ముగిసినా ఆ బాధ్యత ముగియదు. నేరం చేయడానికి సలహా అడిగితే మాత్రం ఈ రక్షణ లేదు. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షను దీనినే నిలుపుకొన్నది. కక్షిదారు వివరాల కోసం, చట్టంలోని మినహాయింపులకు లోబడి తప్ప, న్యాయవాదులకు సమన్లు పంపరాదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు దర్యాప్తు సంస్థలను కట్టడి చేసింది.

పేరున్నవారికి న్యాయవాదులు పరుగున వస్తారు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే కూలీ పట్టుబడితే? అతనికి ఉచిత న్యాయ సహాయం ఉన్నదన్న సంగతే తెలియకపోవచ్చు. ఈ హక్కును తొలి హాజరు నాడే నిందితునికి తెలియజెప్పడం ప్రతి మేజిస్ట్రేటు విధి అని 2012లో కసబ్ కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. అలా చెప్పని మేజిస్ట్రేటుపై శాఖాపరమైన చర్య తీసుకోవచ్చునని కూడ పేర్కొన్నది.