లెక్కలు రాని ఫారడే, లెక్కలు తెలిసిన మాక్స్‌వెల్

"ఫిజిక్స్ అంటే ఇష్టమే గాని, సూత్రాలు చూస్తే భయం" అనే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ ఉంటారు. సూత్రంలో అంకెలు వేసి చకచకా జవాబు రాబట్టి, ఆ జవాబుకు అర్థమేమిటంటే తెల్లమొహం వేసేవారూ ఉంటారు. వీరిలో భౌతికశాస్త్రం తెలిసినదెవరికి? విద్యుదయస్కాంతత్వం చరిత్రను కొంచెం తిరగేసి చూద్దాం.

మైకేల్ ఫారడే (1791–1867) ఇంగ్లండులో ఒక కమ్మరి కొడుకు. బడిచదువు అంతంతమాత్రం. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనికి కుదిరి, బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. తర్వాత లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరి గొప్ప ప్రయోగశాస్త్రజ్ఞుడయ్యాడు. ఆయన రాతల్లో ప్రయోగాలు కోకొల్లలు. సమీకరణాలు మాత్రం వెతికినా కనిపించవు.

అయస్కాంతం మీద కాగితం పరచి, ఇనుపరజను చల్లి, కాగితాన్ని మెల్లగా తట్టండి. రజను ఒక ధ్రువం నుంచి మరో ధ్రువానికి వంపు గీతలుగా బారులు తీరుతుంది. మీరంతా చూసిన బొమ్మే ఇది. ఆనాటి గణితవేత్తల్లో చాలామందికి ఇందులో పెద్ద విశేషం కనిపించలేదు. సూర్యుడు భూమిని లాగినట్లే అయస్కాంతం కూడా దూరం నుంచే ఇనుమును లాగుతుందనీ, మధ్య జాగాలో జరిగేదేమీ లేదనీ వారి అభిప్రాయం. వారి లెక్కలూ సరిపోయేవి! ఫారడేకు మాత్రం ఆ గీతలు నిజమైనవే అనిపించాయి. అయస్కాంతం చుట్టూ ఉన్న చోటు ఖాళీ కాదు, బలరేఖలతో నిండి ఉందన్నాడు. 1831లో తీగచుట్టలోకి అయస్కాంతాన్ని తోస్తే విద్యుత్తు పుట్టింది. తీగ బలరేఖలను ఖండించినందువల్లనే అలా జరిగిందని వివరించాడు. 1846లో మరో అడుగు వేసి, కాంతి ఈ రేఖల కంపనమేమో అన్నాడు.

ఎంత సాహసమైన ఊహ! కాని ఆ కంపనం సెకనుకు ఎన్ని కిలోమీటర్లు పోతుంది? ఇక్కడ ఊహ ఒక్కటే చాలదు.

ఫారడే తీగచుట్ట ప్రయోగం చేసిన 1831లోనే స్కాట్లండులో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ పుట్టాడు. గణితంలో దిట్ట. అయినా విద్యుత్తు గురించి గణితగ్రంథాలు ముట్టకముందే ఫారడే రచనలు పూర్తిగా చదవాలని పట్టుబట్టాడు. ఇది గమనించదగ్గ సంగతి. బలరేఖలను గణితంలో పెట్టి రాసిన తన వ్యాసాన్ని ఫారడేకు పంపాడు. తన విషయం మీదికి ఇంత గణితం దండెత్తి రావడం చూసి మొదట భయపడ్డాననీ, అది తట్టుకొని నిలవడం చూసి ఆశ్చర్యపోయాననీ 1857లో ఆ పెద్దాయన జవాబు రాశాడు. గణితవేత్తలు తమ ఫలితాలను మామూలు మాటల్లో కూడా చెప్పకూడదా అని మరో ఉత్తరంలో అడిగాడు. న్యాయమైన కోరికే.

1861–62లో మాక్స్‌వెల్ ఒక విచిత్రమైన నమూనా కల్పించుకున్నాడు. అందులో ఖాళీ చోటంతా సుడులు, వాటి మధ్య చిన్న చక్రాల వంటి గోళీలు. ప్రకృతిలో అలాంటివి లేవు. కాని దాన్ని ఆధారం చేసుకొని లెక్క కడితే కొత్త విషయం బయటపడింది. తీగలో ప్రవాహం లేకపోయినా, విద్యుత్ క్షేత్రం మారితే చాలు, అయస్కాంత క్షేత్రం పుడుతుంది! మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్తును పుట్టిస్తుందని ఫారడే ముందే చూపాడు. ఒకటి మరొకదాన్ని పుట్టిస్తూ పోతే అదే తరంగం. 1865 నాటికి మాక్స్‌వెల్ సుడులను, గోళీలను పక్కన పెట్టేశాడు. ఇల్లు లేచాక పరంజా విప్పేసినట్లు, సమీకరణాలు మిగిలాయి.

ఇక తరంగవేగం. దానికి కావలసిన అంకెను వెబర్, కోల్‌రౌష్ అనే జర్మన్లు 1856లోనే కొలిచారు. గాజుజాడీలో నిలవచేసిన విద్యుదావేశాన్ని రెండు విధాల కొలిచారే గాని, కాంతి జోలికే పోలేదు. దాని నుంచి వచ్చిన వేగం సెకనుకు సుమారు 3,10,000 కిలోమీటర్లు. పళ్లచక్రం తిప్పి ఫిజో 1849లో కొలిచిన కాంతివేగం సుమారు 3,15,000. (నేటి విలువ 2,99,792.) రెండూ అంత దగ్గరగా ఉండడం కాకతాళీయం కాదని, కాంతి విద్యుదయస్కాంత తరంగమేనని మాక్స్‌వెల్ తేల్చాడు. బొమ్మ లేకపోతే ఏ లెక్క కట్టాలో ఆయనకు తెలిసేది కాదు. లెక్క లేకపోతే ఫారడే మాట "ఏమో" దగ్గరే ఆగిపోయేది.

1887–88లో హెర్ట్జ్ ఒకచోట విద్యుత్ రవ్వలు పుట్టించి, దూరంగా పెట్టిన తీగవలయపు సన్నని సందులో చిన్న రవ్వ మెరవడం చూశాడు. మధ్యలో తీగ ఏదీ లేదు. అప్పటికి మాక్స్‌వెల్ పోయి ఎనిమిదేళ్లు దాటింది.