గొంతులో రాళ్ళు!

మోపిదేవికి దక్షిణాన, కోడూరు, నాగాయలంకల వైపు మడ అడవుల్లో నల్లబురదను ఎప్పుడైనా కర్రతో కదిపారా? కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు. గాలి చొరబడని బురదలో బతికే బాక్టీరియా దాన్ని తయారుచేస్తాయి.

అదే వాయువు మన గొంతులోనూ పుట్టవచ్చు! అద్దం ముందు నోరు బాగా తెరవండి. కొండనాలుకకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా కనిపించేవి టాన్సిళ్ళు. వాటిమీద సన్నని గుంటలుంటాయి. ఆహారపు తునకలు, రాలిన కణాలు, బాక్టీరియా వాటిలో ఇరుక్కుంటాయి. కాల్షియం లవణాలు చేరి అవి గట్టిపడితే టాన్సిల్ రాయి ఏర్పడుతుంది. దాని లోపలికీ గాలి చొరదు. అందుకే ఆ వాసన. పళ్ళు శుభ్రంగా తోముకునే వారికీ రావచ్చు, కనుక ఎవరినీ వెక్కిరించకండి.

పిన్నుతోనో, అగ్గిపుల్లతోనో మాత్రం కెలకవద్దు. టాన్సిల్ మెత్తనిది, రక్తం కారుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ అచ్చంగా సరిపోతుంది! గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో అరచెంచా ఉప్పు వేసి, తల వెనక్కి వంచి, గొంతు గరగరలాడేలా పుక్కిలించి ఉమ్మండి. చిన్నరాళ్ళు తరచు వాటంతటవే ఊడిపోతాయి. తిన్న తర్వాత నోరు పుక్కిలించడం, రాత్రి కూడా పళ్ళు తోముకోవడం, నాలుక గీసుకోవడం మానకుంటే కొత్తవి తగ్గుతాయి.

మింగితే నొప్పి, జ్వరం, ఒకవైపే వాపు ఉంటే డాక్టరుకు చూపించాలి. టాన్సిళ్ళను కోసి తీసేయవలసిన అవసరం ఎప్పుడోగాని రాదు.