ఖోఖో నేర్పే చదువు



"ఆటలాడితే మార్కులొస్తాయా?" అని మన హాస్టల్లో చాలామంది అంటుంటారు. పదో తరగతికి రాగానే సాయంత్రం ఆట మానేసి పుస్తకం పట్టుకు కూర్చోవాలని కూడా అంటారు. నేను తొమ్మిదో తరగతి. వచ్చే ఏడు ఆ మాట నాకూ వస్తుంది. అందుకే మనందరికీ తెలిసిన ఖోఖోనే తీసుకుని, ఆట విద్యార్థికి ఏం నేర్పుతుందో రాస్తున్నాను.

ముందు నియమాలు గుర్తు చేసుకుందాం. కోర్టు రెండు చివర్లా రెండు స్తంభాలుంటాయి. మధ్య గీత మీద ఎనిమిది గడుల్లో ఎనిమిది మంది కూర్చుంటారు. ఒకరు ఇటు చూస్తే పక్కవారు అటు చూస్తారు. తొమ్మిదోవారు తరుముతారు. ఎదుటి జట్టువాళ్లు ముగ్గురేసి చొప్పున లోపలికి వస్తారు. పరుగెత్తేవాడు ఎటైనా తిరగవచ్చు, కూర్చున్నవాళ్ల మధ్యనుంచి దూరిపోవచ్చు. తరిమేవాడికి ఆ వీలు లేదు. ఒకవైపు బయలుదేరాక వెనక్కి తిరగకూడదు. మధ్య గీత దాటకూడదు. స్తంభం చుట్టి వస్తేనే అవతలి వైపు పోవాలి. ఈ నియమాల్లోనే మనకు పాఠాలున్నాయి.

1. సాయం అడగడం చిన్నతనం కాదు: ఎంత వేగంగా పరుగెత్తేవాడైనా ఒంటరిగా తరిమితే మంచి రన్నరు దొరకడు. వాడు గీత దాటి అవతలికి పోగానే మనం ఆగిపోవాలి. అప్పుడు అటువైపు చూస్తున్న వాడి వెనక నిలబడి "ఖో" అనాలి. వెంటనే వాడి గడిలో మనం కూర్చోవాలి. ఖో ఇచ్చినవాడు ఓడినట్టు కాదు, పని సరైన చేతికి అప్పగించినట్టు. చదువులోనూ అంతే. లెక్క రాకపోతే దాచుకోకుండా వచ్చినవాడిని అడగాలి. వచ్చినవాడు విసుక్కోకుండా లేవాలి.

2. కాచుకుని ఉండటం కూడా పనే: ఎనిమిది మంది కూర్చున్నారంటే ఖాళీగా ఉన్నారని కాదు. మునివేళ్ల మీద, చెవి వెనక్కి పెట్టి, రన్నరు ఎక్కడున్నాడో చూస్తూ ఉండాలి. పరధ్యానంగా ఉన్నవాడికి ఖో ఇస్తే వాడు లేచేసరికి రన్నరు స్తంభం దగ్గరుంటాడు. క్లాసులో మన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. రోజూ కొంచెం చదివి సిద్ధంగా ఉన్నవాడే పరీక్షనాడు కంగారు పడడు.

3. అంపైరు చూడకపోయినా నియమం నియమమే: ఖో వినకముందే లేవడం ఫౌలు. అర అడుగు ముందే లేస్తే ఎవరికీ కనిపించకపోవచ్చు. కానీ అలా గెలిచే అలవాటు పడినవాడు పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు వైపు చూస్తాడు. అందుకే ఆట ఆడినంత మాత్రాన గుణం వచ్చేయదు. నిజాయితీగా ఆడితేనే వస్తుంది. ఈ సంగతి ఆటను మెచ్చుకునేవాళ్లు కూడా గుర్తుంచుకోవాలి.

4. ఒక్క మాటతో స్నేహం: మన హాస్టల్లో సవర మాట్లాడేవాళ్లున్నారు, కువి మాట్లాడేవాళ్లున్నారు. చిన్న తరగతుల్లో కొత్తగా చేరినవాళ్లకు తెలుగు సరిగా రాక మూల కూర్చుంటారు. ఖోఖోకి ఒక్క మాట చాలు. సాయంత్రం గ్రౌండులో "ఖో" అన్న పిల్లవాడే నాలుగు రోజులకు క్లాసులో నోరు విప్పుతాడు. ఇది మనమంతా కళ్లారా చూస్తున్నదే.

ఖోఖో పల్లెటూరి ఆటేలే అని తీసిపారేయవద్దు. 2025 జనవరిలో న్యూఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచ కప్ జరిగింది. పురుషుల్లోనూ, మహిళల్లోనూ మన దేశమే నేపాల్‌ను ఓడించి గెలిచింది. పురుషుల జట్టులో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన పోతిరెడ్డి శివారెడ్డి ఉన్నారు. మహిళల జట్టులో మన పక్కనే ఉన్న ఒడిశా రాష్ట్రపు గిరిజన బిడ్డ మగాయి మాఝీ ఉన్నారు. మనలాంటి పిల్లలకు ఇంతకంటే ధైర్యం ఏం కావాలి?

వార్డెన్ గారికి నా మనవి ఒక్కటే. పదో తరగతి వాళ్లకూ రోజూ అరగంట ఆట ఉంచండి. వారం మొత్తం మీద అది మూడున్నర గంటలే. దానికి బదులు మేమూ ఒక మాట ఇవ్వాలి. బెల్లు కొట్టగానే ఆట ఆపి, కాళ్లు కడుక్కుని, స్టడీ అవర్లో కూర్చోవాలి. ఆ రోజు హోంవర్కు చేయనివాడికి మర్నాడు ఆట లేదనండి, ఒప్పుకుంటాం.

మిత్రులారా! గ్రౌండులో నేర్చుకున్నది గ్రౌండులోనే వదిలేస్తే అది ఉత్త పరుగే అవుతుంది. పుస్తకం దాకా తెచ్చుకుంటేనే అది చదువవుతుంది. ఆడుదాం, చదువుదాం.

– 9వ తరగతి విద్యార్థి